విప్పేసిన డాడ్జ్ ఖరీదెంత?

అమెరికాలో పాత కార్లు అమ్మేవాళ్ళ ప్రకటనల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనబడుతుంది: పనంతా అయిపోయింది, ఇక బిగించుకోవడమే. పక్కనే ఓ షెడ్డు ఫొటో ఉంటుంది. నడుమ ఇంజనూ తలుపులూ లేని కారు డొల్ల, ఒళ్ళంతా బూడిదరంగు ప్రైమర్. గోడవారగా అట్టపెట్టెలు, వాటి మీద దుమ్ము.

ఈ అధ్యాయం కోసం అలాంటి బండిని ఒకదాన్ని ఊహించుకుందాం. అది 1968 డాడ్జ్ ఛార్జర్ ఆర్‌టీ. అమ్మే ఆయన ఇప్పటిదాకా దాని మీద 45,000 డాలర్లు పెట్టాడట. 28,000కి ఇచ్చేస్తానంటున్నాడు. పూర్తి చేస్తే 85,000 దాకా పలుకుతుందనుకుందాం. పైకి లాభసాటి బేరమే. నిజంగా అవునో కాదో తేలాలంటే ముందు ఇనుము సంగతి, తర్వాత ఆ పెట్టెల సంగతి, ఆ పైన మనిషి మనసు సంగతి తెలియాలి. డాలర్ల లెక్క వాటి వెనకే వస్తుంది.

ఈ కార్ల మీద ఇంత మోజు ఎందుకో రెండు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం. మధ్యరకం సైజు కారులో పెద్ద కారు ఇంజన్ పెడితే వచ్చేదే మజిల్ కారు. 1964లో పాంటియాక్ జీటీఓతో ఈ ఒరవడి ఊపందుకుంది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో కట్టడి ఉండేది. జాన్ డెలోరియన్ నాయకత్వంలోని పాంటియాక్ ఇంజనీర్లు 389 ఘనపుటంగుళాల ఇంజన్‌ను, అంటే సుమారు 6.4 లీటర్లది, టెంపెస్ట్ కారుకు అదనపు సదుపాయంగా జాబితాలో చేర్చి ఆ కట్టడిని దాటేశారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడుపోయాయి. మిగతా కంపెనీలూ ఆ దారే పట్టాయి. పదేళ్ళు తిరక్కుండానే పెరిగిన బీమా రుసుములు, 1970 నాటి వాయు కాలుష్య చట్టం, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ ముచ్చట ముగించాయి. తయారైనంత కాలం తక్కువ. అప్పుడు కుర్రాళ్ళుగా వాటిని చూసి ఆశపడ్డవాళ్ళ చేతిలో తర్వాత డబ్బు చేరింది. ఛార్జర్ ఆర్‌టీలో మామూలుగా వచ్చే 440 ఇంజన్ 7.2 లీటర్లది, కంపెనీ లెక్కలో 375 అశ్వశక్తి. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ సినిమాలో శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల మీద మస్టాంగ్ తరిమే నల్లకారు ఇదే.

ఇక ఇనుము దగ్గరికి వద్దాం. కొనేవాడి జేబు గుల్లయ్యేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

పాత పద్ధతిలో కారంటే రెండు వస్తువులు. కింద బరువు మోసే ఉక్కు చట్రం, దాని మీద బిగించిన బాడీ. జీటీఓ, షెవర్లే షెవెల్ ఇలా తయారైనవే. క్రైస్లర్ కంపెనీ 1960 మోడళ్ళతో తన కార్లలో చాలావాటికి విడి చట్రాన్ని తీసేసింది. రేకునే పెట్టెల్లా, గొట్టాల్లా మలిచి, అంచులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి, బాడీయే బరువు మోసేలా కట్టింది. డాడ్జ్ ఆ కంపెనీదే, మన ఛార్జర్ ఆ పద్ధతిదే. రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు. అంత పల్చటి రేకు 7.2 లీటర్ల ఇంజన్ మెలిపెట్టే బలానికి ఎలా ఆగుతుంది?

ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టండి. అంచు అతికించకుండా రెండు కొసలూ పట్టుకుని మెలిపెట్టండి. చటుక్కున మెలి తిరుగుతుంది. అదే కాగితం అంచును పొడవునా జిగురుతో అతికించి, ఆరాక మళ్ళీ మెలిపెట్టి చూడండి. ఎదురు తిరుగుతుంది. కాగితం పెరగలేదు, మారింది అంచు మాత్రమే. గుండ్రటి పల్చని గొట్టానికి దీని లెక్క ఇది: అంచు మూసి ఉన్నప్పుడు మెలికకు ఆగే బిగువు, అంచు తెరిచి ఉన్నప్పటికంటే, వ్యాసార్థాన్ని మందంతో భాగించి వర్గం చేసి మూడుతో గుణించినన్ని రెట్లు ఎక్కువ. అయిదు సెంటీమీటర్ల వ్యాసార్థం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న గొట్టానికి అది 7,500 రెట్లు. తలుపు కింద నడిచే గుమ్మపు దూలం కచ్చితంగా గుండ్రంగా ఉండదు, కానీ సూత్రం అదే. ఆ దూలంలో ఉక్కు నూటికి తొంభై పాళ్ళు మిగిలే ఉన్నా, అతుకు పొడవునా తుప్పు తినేస్తే దాని బిగువు దాదాపు పోయినట్టే. అందుకే తుప్పును కిలోల్లో కొలవకూడదు, అది ఎక్కడ పట్టిందో చూడాలి.

పట్టేది సరిగ్గా అక్కడే. ఇనుము గనిలో దొరికేటప్పుడు ఆక్సిజన్‌తో కలిసే దొరుకుతుంది. కొలిమిలో శక్తి ధారపోసి దాన్ని విడదీస్తాం. అవకాశం ఇస్తే అది మళ్ళీ ఆక్సిజన్‌ను చేరుతుంది. ఇందుకు నీళ్ళూ గాలీ కావాలి, రెండు చోట్ల మధ్య విద్యుత్తు నడవాలి. ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంది, మరోచోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. రెండు రేకులు కలిసే సన్నటి సందులో చేరిన నీరు ఆరదు. లోపల ఆక్సిజన్ తక్కువ, బయట ఎక్కువ. ఆ తేడాయే సందు లోపలి ఉక్కును కరిగించే బ్యాటరీ అవుతుంది. పుట్టిన తుప్పు అసలు ఇనుముకంటే చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక రేకుల్ని ఒత్తి విడదీస్తుంది, వెల్డింగ్ చుక్కలు ఊడతాయి, సందు వెడల్పవుతుంది, మరింత నీరు దిగుతుంది.

గాలిలో తేమ అరవై శాతం లోపు ఉన్నంతకాలం శుభ్రమైన ఉక్కు చాలా నెమ్మదిగా తుప్పు పడుతుంది. ఉప్పు చేరితే ఆ భరోసా పోతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది, నీటిలో కరిగి విద్యుత్తుకు దారి ఇస్తుంది, దానిలోని క్లోరైడ్ ఉక్కు మీది రక్షణ పొరను ఛేదిస్తుంది. విశాఖ సముద్రపు ఒడ్డున కిటికీ ఊచలకు జరిగేది ఇదే. అమెరికా ఉత్తరాదిలో ఈ ఉప్పును మనుషులే చల్లుతారు. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది పెద్ద ఎత్తున మొదలైంది. ఛార్జర్ పుట్టిన డెట్రాయిట్ నగరం అడుగునే, నేలకు వెయ్యి అడుగులకు పైగా లోతులో, ఉప్పు గని ఉంది. అక్కడి శివార్లలో, నోవై, ట్రాయ్ లాంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు చలికాలంలో కారు అడుగుభాగం కడిగించాల్సిన అవసరం బాగా తెలుసు. 1968 నాటి కారు రేకుకు ఇప్పటి కార్లలాగా జింకు పూత రక్ష లేదు. కాబట్టి అరిజోనా ఎడారిలో పడి ఉన్న ఛార్జర్, ఒహాయోలో తిరిగిన ఛార్జర్ ఒకే ఫొటోలా కనబడినా ఒకే వస్తువు కావు. ధర అడిగే ముందు ఈ కారు ఏ రాష్ట్రంలో బతికిందని అడగాలి.

ఛార్జర్‌కు సొంత జబ్బులూ ఉన్నాయి. దాని వెనక అద్దం రెండు ఏటవాలు రెక్కల మధ్య లోపలికి నొక్కినట్టు ఉంటుంది. ఎంత అందమో అంత ప్రమాదం. వాననీరూ ఆకులూ అద్దం అడుగు కాలవలో నిలుస్తాయి, అది చిల్లు పడి డిక్కీ నేల మీదికి కారుతుంది. వినైల్ గుడ్డ తొడిగిన టాపు అయితే దాని కింద తేమ ఏళ్ళ తరబడి దాగుతుంది. ఇక ముందు చక్రాలకు చుట్టల స్ప్రింగులు లేవు, పొడవాటి ఉక్కు కడ్డీలున్నాయి. చక్రం ఎగిరినప్పుడల్లా కడ్డీ మెలి తిరుగుతుంది. దాని వెనక కొసను నేల కింది అడ్డదూలం పట్టుకుని ఉంటుంది. ఆ దూలం గుల్లబారిన కారుకు కొత్త రంగు, కొత్త సీట్లు ఉన్నా నా దృష్టిలో అది రోడ్డెక్కడానికి పనికిరాదు.

ఇప్పుడు ఫొటోలోని ఆ బూడిదరంగు ప్రైమర్ గురించి. అమ్మేవాళ్ళు దీన్ని సుగుణంగా చెబుతారు. నా లెక్కలో అది హెచ్చరిక. ప్రైమర్ పైరంగు పట్టుకోవడానికి వేసే పొర. పాతరకం ప్రైమర్లలో చాలావాటికి సన్నటి రంధ్రాలుంటాయి, తేమ లోపలికి ఇంకుతుంది. ప్రైమర్‌తోనే ఏళ్ళు గడిపిన కారుకు ఆ పొర కింద కొత్త తుప్పు మొలిచే ఉంటుంది. అంటే చేసిన పని మళ్ళీ చేయాలి. పైగా ఆ రంగు కింద పాత రేకు ఉందో, కొత్త రేకు ఉందో, పుట్టీ ఉందో కంటికి ఆనదు. బయటి రేకుల మీద గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జరిపి చూడాలి. మందంగా పుట్టీ పెట్టినచోట అది జారిపోతుంది. పూత మందం కొలిచే చిన్న పరికరాలూ దొరుకుతాయి. కంపెనీ రంగు మందం మామూలుగా నూట చిల్లర మైక్రాన్లు ఉంటుంది, ఒక్కసారిగా వెయ్యి చూపిస్తే కింద ఏదో దాగుంది.

వెల్డింగ్‌తోనూ ఇలాంటి చిక్కే. మీటరు ఉక్కు ఒక్క డిగ్రీ వేడికి దాదాపు 12 మైక్రాన్లు సాగుతుంది. వెల్డింగ్ మంట దగ్గర వేడి వందల డిగ్రీలు. చుట్టూ ఉన్న చల్లటి రేకు సాగనివ్వదు, చల్లారాక ముడుచుకుని లాగుతుంది. బాడీకి లోపల అడ్డకడ్డీలు బిగించకుండా నేల కోసి కొత్తది వేస్తే డొల్ల మొత్తం పక్కకు జరుగుతుంది. ఆ సంగతి తలుపులు బిగించే రోజున బయటపడుతుంది, కిందా పైనా సందులు కలవవు. మన ఫొటోలో తలుపులు లేవు. తలుపులు వేలాడదీసి చూపించమని అడగడం కొనేవాడి హక్కు.

ఇక గోడవారగా ఉన్న అట్టపెట్టెలు. కారు విప్పడానికి ఒక వారాంతం చాలు. విప్పేటప్పుడు పోయేది మాత్రం వెంటనే కనబడదు. ఒకే సైజులో కనబడే పది బోల్టులు, పది రంధ్రాలు తీసుకోండి. వాటిని 36,28,800 రకాలుగా బిగించవచ్చు. బోల్టు పొడవులోనో మరలోనో చిన్న తేడా ఉంటే వాటిలో కొన్నే సరైనవి. కారు బిగించి ఉన్నప్పుడు ఏ బోల్టు ఎక్కడుండాలో కారే చెబుతుంది. విప్పాక ఆ సమాచారం చీటీల్లో, ఫొటోల్లో, విప్పినవాడి జ్ఞాపకంలో మిగలాలి, లేదా చెరిగిపోతుంది. 1968 ఛార్జర్‌లో ముందు దీపాల మీది తలుపులు ఇంజన్ పీల్చే శూన్యపీడనంతో తెరుచుకుంటాయి. దానికో చిన్న ట్యాంకు, మీటలు, గది నుంచి గదికి పాకే రబ్బరు గొట్టాలు. వాటిని చీటీ లేకుండా పెట్టెలో వేస్తే మళ్ళీ కూర్చడానికి ఎన్ని సాయంత్రాలు పడతాయో! విప్పిన మనిషే మూడేళ్ళ తర్వాత గుర్తుపట్టలేడు. ఆ కారును మొదటిసారి చూసేవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

పెట్టెల్లో కొత్త సామాన్లున్నాయి అన్నదీ జాగ్రత్తగా వినాలి. పదేళ్ళ కింద కొన్న టైర్లు వాడకపోయినా ముదురుతాయి, రబ్బరును ఆక్సిజన్, ఓజోన్ బీటలు వారుస్తాయి. పెట్రోలు గొట్టాలు, బ్రేకు రబ్బర్లు అంతే. బిల్లులో ధర ఉన్నంత మాత్రాన వస్తువులో విలువ ఉన్నట్టు కాదు.

సమాచారం లోపిస్తే బజారుకు ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని రాశారు. ఆ పరిశోధనకు 2001లో నోబెల్ పంచుకున్నారు. మంచి కారేదో చెడ్డదేదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు సగటు ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు, తప్పుకుంటాడు. మిగిలినవాటి సగటు ఇంకా పడిపోతుంది. సగం విప్పిన కారు విషయంలో అజ్ఞానం ఇంకో మెట్టు ఎక్కువ, తరచూ అమ్మేవాడికే తన దగ్గర ఏముందో తెలియదు. అందుకే పని చేస్తూ తీసిన ఫొటోలు, చీటీలు కట్టిన సంచులు, మెషీన్ షాపు ఇంజన్ కొలతలు రాసిచ్చిన కాగితం ఉంటే ఆ కారుకు నేను సంతోషంగా ఎక్కువ ఇస్తాను. అవి ఈ అజ్ఞానాన్ని తగ్గించే సరుకు.

కాగితం విలువకు పెద్ద సాక్ష్యం ఇందాకటి ‘బుల్లిట్’ సినిమాలోనే ఉంది. అందులో హీరో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగ్‌ను ఒక కుటుంబం 1974లో 6,000 డాలర్లకు కొని ఇంట్లో వాడుకుంది. తుప్పు మచ్చలు, వెలిసిన రంగు అలాగే ఉండగా 2020 జనవరిలో ఫ్లోరిడాలో వేలం వేస్తే, రుసుములతో కలిపి 37.4 లక్షల డాలర్లు పలికింది. ఆ కారును తిరిగి కొనుక్కుంటానని మెక్వీన్ 1977లో రాసిన ఉత్తరం కూడా దానితో ఉంది. ఆ మస్టాంగ్‌ను ఎవరైనా విప్పి, రేకు మార్చి, తళతళలాడే రంగు వేసి ఉంటే విలువ తగ్గేదనే నా నమ్మకం. చెరిగిపోని ఆనవాళ్ళే అక్కడ అమ్ముడుపోయాయి.

అమ్మే ఆయన 45,000 పెట్టానంటున్నాడు కదా. అది నిజమే కావచ్చు. ఆ శ్రమను నేను గౌరవిస్తాను. కానీ ధరలో దానికి చోటు లేదు. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా సాగుతుంది. మంచు మీద స్కీయింగ్ యాత్రకు మిషిగన్ టికెట్ 100 డాలర్లకు, విస్కాన్సిన్ టికెట్ 50 డాలర్లకు కొన్నారు. విస్కాన్సిన్‌లోనే ఎక్కువ ఆనందిస్తారని మీకు తెలుసు. తీరా చూస్తే రెండూ ఒకే వారాంతంలో పడ్డాయి, టికెట్లు వెనక్కి ఇవ్వడం కుదరదు. ఎక్కడికి వెళ్తారు? 61 మందిలో 33 మంది తక్కువ ఆనందం ఇచ్చే మిషిగన్‌నే ఎంచుకున్నారు, దాని మీద ఎక్కువ డబ్బు పోసినందుకు. 45,000 అంకె మన అమ్మకందారును పట్టుకున్నదీ ఇలాగే.

అయితే ఆయన మనసులో ఇంకో బలం కూడా పనిచేస్తోంది. మైఖేల్ నార్టన్, డేనియల్ మోచన్, డాన్ ఏరియలీ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో, మనుషులు తాము స్వయంగా తయారుచేసిన వస్తువులకు ఇతరులు ఇచ్చేదానికంటే చాలా ఎక్కువ విలువ కడతారని తేలింది. అదే పరిశోధనలో మరో మాట ఉంది: పని పూర్తయితేనే ఈ మమకారం. మధ్యలో ఆపేస్తే అది నిలవదు. సగంలో ఆగిన కారును రోజూ చూస్తున్న మనిషికి దాని మీద ప్రేమ తరుగుతోంది, పెట్టిన డబ్బు మాత్రం కళ్ళ ముందుంది. అందుకే ప్రకటనలో ధర ఎక్కువగా ఉంటుంది, నెమ్మదిగా మర్యాదగా మాట్లాడితే దిగుతుంది కూడా.

కొనేవాడి మనసూ తక్కువది కాదు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెత పుట్టిన నేలవాళ్ళం మనం, అంచనాలు తప్పడం కొత్త కాదు. రోజర్ బ్యూలర్, ఆయన సహచరులు 1994లో దీన్ని అంకెల్లో చూపించారు. సిద్ధాంత వ్యాసం ఎన్నాళ్ళలో ముగిస్తారని విద్యార్థులను అడిగితే సగటున 33.9 రోజులన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్నాళ్ళని అడిగితే 48.6 అన్నారు. నిజానికి పట్టింది 55.5. తలచుకోగలిగిన గడ్డుకాలం కంటే కూడా నిజం ఎక్కువే పట్టింది. ఎందుకంటే మనం పనిని లోపల నుంచి, మెట్టు మెట్టుగా ఊహిస్తాం. ఆ మెట్ల మధ్య వచ్చే జ్వరాలూ, అతిథులూ, దొరకని నట్టులూ ఊహలోకి రావు. మందు ఒకటే: ఇలాంటి కారు ఇప్పటికే పూర్తి చేసినవాళ్ళకు ఎన్ని గంటలు పట్టిందో కనుక్కుని, అక్కడి నుంచి మొదలుపెట్టడం.

ఇప్పుడు డాలర్లు. మన ఛార్జర్‌కు టింకరింగ్, రంగు, బిగింపు కలిపి 700 గంటల పని మిగిలిందనుకుందాం. క్రోమ్ పూత, సీట్ల కుట్టుపని, రంగు సామగ్రి, మిగతా సామాన్లకు 30,000. షాపులో గంటకు 100 డాలర్లు ఇచ్చి చేయిస్తే కూలీ 70,000, మొత్తం లక్ష. పూర్తయిన కారు 85,000. అంటే ఆ డొల్లను ఉచితంగా ఇచ్చినా 15,000 నష్టం. డబ్బు కోసమే చూసేవాడు ఇక్కడే ఆగిపోవాలి. అదే 85,000 పెట్టి పూర్తయిన కారు కొనుక్కోవడం మేలు, లేదా రంగు వెలిసినా, నడుస్తూ, అన్ని భాగాలూ ఒంటి మీదే ఉన్న కారు కొనాలి.

సొంత చేతులతో చేసుకునేవాడికి లెక్క వేరు. 85,000లో 28,000 కారుకు, 30,000 సామాన్లకు పోతే 27,000 మిగులుతుంది, గంటకు దాదాపు 39 డాలర్లు. బ్యూలర్ విద్యార్థుల నిష్పత్తినే ఇక్కడ పెడితే 700 గంటలు 1,150 దాకా అవుతాయి. సామాన్లూ 40,000 అయ్యాయనుకోండి. మిగిలేది 17,000, గంటకు 15 డాలర్లు. అదే కారు 14,000కి వస్తే గంటకు 27. ఈ పని చేయడం తనకే ఆనందమైతే, పిల్లలకు వెల్డింగ్ నేర్పుతూ గడిపే శీతాకాలాలు అతనికి కావాలంటే, ఆ 15 కూడా చాలు. కానీ ఆ నిర్ణయం తలుపులు వేలాడదీసి, అడ్డదూలాన్ని సుత్తితో తట్టి విన్నాక తీసుకోవాలి. ఈ స్థితిలో ఉన్న 440 ఇంజన్ ఛార్జర్‌కు, ఫొటోలూ చీటీలూ లేకపోతే, 28,000 నేను ఇవ్వను. అవి ఉండి, నేల దూలాలు గట్టిగా ఉంటే ఇరవై వేల చుట్టూ మాట్లాడతాను.

ఒకే ఒక్క సందర్భంలో ఈ లెక్కంతా తలకిందులవుతుంది. 1968 ఛార్జర్ ఆర్‌టీ గుర్తింపు నంబరు ఎక్స్, ఎస్, 2, 9 అని మొదలవుతుంది. అయిదో స్థానంలోని అక్షరం ఇంజన్‌ను చెబుతుంది. ఎల్ అయితే 440. జె అయితే 426 హెమీ అనే అరుదైన ఇంజన్. ఆ ఏడాది హెమీతో వచ్చిన ఛార్జర్లు అయిదు వందల లోపే. రేకు మళ్ళీ దొరుకుతుంది, ఎవరైనా మలచగలరు. జె అక్షరంతో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారును మాత్రం ఎవరూ మళ్ళీ తయారుచేయలేరు. తుప్పు ఎంతున్నా, పెట్టెలు ఎంత చిందరవందరగా ఉన్నా అలాంటి కారును కాపాడాలి. మోసాలూ ఇక్కడే ఎక్కువ, ఒక కారు ప్లేటు ఊడదీసి మరో డొల్లకు తగిలిస్తారు. అందుకని డాష్‌బోర్డు మీది ప్లేటును, బాడీ రేకు మీద కొట్టిన అంకెలను, ఇంజన్, గేర్‌బాక్స్‌ల మీది అంకెలను, యాజమాన్య పత్రంలోని నంబరును పక్కపక్కన రాసుకుని పోల్చాలి. పాత సీటు స్ప్రింగుల్లో ఫ్యాక్టరీ కాగితం ఇరుక్కుని ఉందేమో వెతకాలి. అవన్నీ ఒకదానితో ఒకటి కలిస్తే 28,000కి బేరమాడకుండా ఇచ్చేయవచ్చు. ప్లేటు రివెట్లు మార్చిన జాడ ఉంటే, అంకెలు కలవకపోతే, ఆ కారును ఏ ధరకూ ఇంటికి తేకూడదు.